చుట్టరికం కలపని దొర

మా నాయిన పిట్టలదొర. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి ఇవాళ నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే మాట నోటితో చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నేనెంత మూర్ఖంగా బతికానో, చివరికి ఒక సాయంత్రం ముగ్గురు మనుషులు నన్నెట్లా గట్టున పడేశారో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. మూడో ఆయనకు కృతజ్ఞతలు చెప్పబోతే, "ఇప్పుడెందుకయ్యా అవన్నీ, కాఫీ తాగు" అంటాడు.

పిట్టలదొరను చూడనివాళ్లు ఈ రోజుల్లో ఎక్కువైపోయారు. పంటలు ఇంటికి చేరి పనులు తగ్గాక ఊరూరా తిరిగే హాస్యగాడు అతను. చినిగిన ఖాకీ కోటు, తలమీద తెల్లదొరల టోపీ, ఛాతీ మీద పతకాలకు బదులు రేకు బిళ్లలు, మసితో దిద్దిన మీసం, భుజాన కట్టె తుపాకి. బజారు నడుమ నిలబడి తనకు లక్ష ఎకరాల జాగీరుందని, ఏనుగులున్నాయని గుక్క తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. అవి అబద్ధాలని అతనికి తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అందరినీ కడుపుబ్బ నవ్వించి, ఆఖరున చేటెడు జొన్నలు పెట్టమంటాడు. లక్ష ఎకరాల దొర జొన్నలడగడమే అందులో అసలు నవ్వు.

మా ఇంట్లో ఈ విద్యకు రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి చుట్టరికం కలపడం. ఎదురుగా ఉన్న పెద్దమనుషులను ఒక్కొక్కరినే చూపించి, ఈయన నా అల్లుడు, ఆయన నా తమ్ముడు అంటూ అందరినీ తన ఇంటివాళ్లను చేసుకోవాలి. ఒక్కరిని కూడా విడిచిపెట్టకూడదు. విడిచిపెడితే ఆ మనిషిని పదిమందిలో చిన్నబుచ్చినట్టు. రెండోది జోడీ. ఒకే ఇంటి దొరలు ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఒకడు సగం కోత విసరాలి, రెండోవాడు లటుక్కున అందుకుని పూర్తి చెయ్యాలి. ఈ జోడీ కోతలు ఏ ఇంటివి ఆ ఇంటివే. పక్కింటి దొరకు కూడా చెప్పరు. మా నాయిన వాటిని నాకు చెలకలో కలుపు తీస్తూ నేర్పాడు. నాకు అక్షరాలు రాకముందే అవన్నీ వచ్చాయి.

తర్వాత నేను హాస్టల్లో పడ్డాను. మొదట ఉర్దూలో, తర్వాత తెలుగులో చదివి, పంతులు శిక్షణ కూడా పూర్తిచేసి, అరవైల మొదట్లో రామన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పడానికి చేరాను. చేరిన రోజే స్టాఫ్ రూములో అడిగారు, మీ నాన్నగారేం చేస్తారని. "వ్యవసాయం" అన్నాను. అబద్ధం కాదు. వానాకాలమంతా ఆయన చేసేది వ్యవసాయమే, కాకపోతే వేరేవాళ్ల పొలంలో. నిజంలో సగం దాచి చెబితే అబద్ధం కంటే ఎక్కువ రోజులు నిలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆంధ్ర, తెలంగాణ కలిసి అప్పటికి ఐదారేళ్లు. మా స్టాఫ్ రూము కూడా అట్లాగే కలిసింది, అంటే కుర్చీలు కలిశాయి, మనుషులు కలవలేదు. హెడ్మాస్టరు మహబూబ్‌నగర్ వైపు ముస్లిం పెద్దమనిషి. చదువంతా ఉర్దూలో చదివి, నెరిసిన గడ్డంతో తెలుగు గుణింతాలు నేర్చుకుంటున్నాడు. లెక్కల మాస్టారు కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. మంచి పాఠం చెప్పేవాడు గాని నోరు ఊరుకునేది కాదు. మేం "గట్ల", "గిట్ల" అన్నప్పుడల్లా మెల్లగా తిరిగి అని నవ్వేవాడు. డ్రిల్లు మాస్టరు స్థానికుడు. ఆయనకు ఆ నవ్వు వింటే ఒళ్లు మండేది. నేను మాత్రం మండలేదు, మారాను. "వచ్చిన" మానేసి "వచ్చాను" అన్నాను, "తొవ్వ"ను "దారి" చేసుకున్నాను. ఇంటికి పోతే మా అమ్మ బెదిరిపోయి, "ఏందిరా, రేడియోల మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్? పాణం మంచిగున్నదా?" అని నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

ఒకరోజు డ్రిల్లు మాస్టరూ, లెక్కల మాస్టారూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. హెడ్మాస్టరు ఇద్దరినీ విడదీసి, మా అందరినీ కూర్చోబెట్టాడు.

"లడాయి బంద్," అన్నాడు. "వచ్చే శనివారం సాయంత్రం మన బడి మైదానంల ఒక జల్సా పెడదాం. ఆట గానీ, పాట గానీ, షాయరీ గానీ, నవ్వించేది గానీ, ఎవరి ఇంటిది వాళ్లు తేవాలె. ఒక్కటే షరతు. ఇంటిది కావాలె. పుస్తకాల చూసింది వద్దు, ఇంకొకని కాడ నేర్సుకున్నది వద్దు. మీ అమ్మ, మీ నాయిన మీకిచ్చింది తెచ్చి అందరి ముందర పెట్టున్రి. అప్పుడు జూద్దాం ఎవరిని జూసి ఎవరు నవ్వుతరో."

అందరూ సరేనన్నారు. నేను ఆ వారమంతా కూర్చుని ఒక పద్యమాల రాశాను. మాతృభూమి మీద. అందులో నేను కళ్లతో చూడని నదులు ఐదున్నాయి, ఎన్నడూ వాసన చూడని పువ్వులు ఏడున్నాయి. హెడ్మాస్టరు పెట్టిన షరతు నా చెవికి ఎక్కనట్టే నటించాను.

రెండు రోజులకు లెక్కల మాస్టారు స్టాఫ్ రూములోకి నవ్వుతూనే వచ్చాడు. నార్కట్‌పల్లిలో బస్సు మారుతుంటే అక్కడ ఒకాయన్ని చూశాడట.

"అబ్బబ్బ, ఏం మనిషండీ! నెత్తిన దొరటోపీ, చేతిలో కర్రతుపాకీ. పులిని కొట్టడానికి వెళ్తే పులి ఇంట్లో లేదంటాడు! బస్సు వెళ్లిపోయినా నాకు తెలియలేదు. నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి. మన జల్సాకి పిలిచేశాను. తప్పకుండా వస్తానన్నాడు. నా ఇంటిది కాకపోయినా ఈ గడ్డది కదండీ, ఏమంటారు?"

"గడ్డది అయితే మంచిదే," అన్నాడు హెడ్మాస్టరు.

లెక్కల మాస్టారు అక్కడితో ఆగలేదు. బ్లాక్‌బోర్డు కర్రను భుజాన పెట్టుకుని ఆయన నడక నడిచి చూపించాడు. ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ. పులి ఇంట్లో లేదన్నప్పుడే ఆ కోత మా ఇంటిదనిపించింది. ఆ కాలు చూశాక ఇక అనుమానం లేదు. అది మా నాయిన కాలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులో కూడా నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆదివారం మా ఊరికి పోయాను. నార్కట్‌పల్లిలో దిగి నాలుగు మైళ్లు నడవాలి. నడిచినంతసేపూ ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. మా నాయిన అరుగు మీద కూర్చుని టోపీకి కుట్టు వేస్తున్నాడు. నన్ను చూసి ముఖం చేటంత చేసుకున్నాడు.

"కొడుకా, ఎర్కయిందా? మీ బళ్లె ఆట ఆడుమని సారు పిలిచిండు. మీ సారేనట గద! నేను చెప్పలే, నా కొడుకు గాడనే ఉన్నడని. నువ్వే చెప్పుకుంటవని ఊకున్న."

నేను గంజి తాగాను, పనుల సంగతి అడిగాను, వానల సంగతి అడిగాను. ఆఖరుకు, "నాయినా, అక్కడందరూ పెద్దవాళ్లు వస్తారు..." అన్నాను.

ఆయన సూది ఆపాడు. టోపీని మోకాలి మీద పెట్టాడు.

"నీకు నామోషి అయితదా?" అన్నాడు.

కాదు అనాలి. అనలేదు. లోపలినుంచి మా అమ్మ అంతా వింటోంది. "ఏరు దాటినంక తెప్ప తగలబెట్టినట్టు చేసినవ్ గదరా," అంది. గట్టిగా కూడా అనలేదు. మా నాయిన ఆమెను చెయ్యెత్తి ఊరుకోమన్నాడు.

"వస్తనని మాటిచ్చిన. మాట తప్పొద్దు," అన్నాడు నాతో. "నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. వస్త, ఆడుత, పోత. నిన్ను గుర్తు పట్ట. నా కండ్లు మంచిగ లేవనుకో."

అని మళ్లీ టోపీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను. బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

శనివారం వచ్చింది. ఎండ వాలకముందే మైదానం నిండింది. రెండు బల్లలు కలిపి వేదిక కట్టారు. ముందు వరసలో కుర్చీలు, మాస్టర్లకు, ఊరి పెద్దలకు. వెనక పిల్లలు, వాళ్ల తల్లులు, తండ్రులు. పక్క తండానుంచి లంబాడా ఆడవాళ్లు పదిమంది వచ్చారు. అద్దాల రవికెలు, కాళ్లకు కడియాలు. వాళ్లు వేదిక ఎక్కమంటే ఎక్కలేదు. మా ఆట నేల మీద, ఇంత జాగల పట్టదు అని కిందనే గుండ్రంగా నిలబడి ఆడారు. ఆ పాటలో ఒక్క ముక్క కూడా మాకు అర్థం కాలేదు. అయినా వాళ్లు ఆపినప్పుడు పిల్లలందరూ ఇంకా, ఇంకా అని అరిచారు.

తర్వాత మేమెవ్వరం అనుకోనిది జరిగింది. లెక్కల మాస్టారి భార్య నాట్యం చేసింది. చిన్నప్పుడు పుట్టింట్లో నేర్చుకున్నదట. పెళ్లయ్యాక గజ్జెలు పెట్టెలోనే ఉన్నాయట. ఊరందరి నోళ్లలో నోరు పెట్టే ఆ మాస్టారు కింద మఠం వేసుకుని కూర్చుని, చేతిలో చెక్క తాళం పట్టుకుని, భార్య పాదాల మీదనుంచి చూపు తిప్పకుండా జతులు చెప్పాడు. చెమటలు కారుతున్నాయి. ఎక్కడ తాళం తప్పుతుందోనని ఆ మనిషి పడుతున్న భయం చూస్తే నాకు ఆయనమీద మొదటిసారి ప్రేమ కలిగింది. డ్రిల్లు మాస్టరు అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టాడు.

హెడ్మాస్టరు తన షాయరీ చదివాడు. ముందు ఉర్దూలో, తర్వాత తడుముకుంటూ తెలుగులో. నాకు రెండు భాషలున్నాయి, ఒకదాంట్లో ఏడుస్తా, ఒకదాంట్లో వంకాయలు బేరం చేస్తా, ఈ మధ్య ఏది దేనికో మరిచిపోతున్నా అని దాని భావం. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. నిజమే చెప్పినట్టు తల ఊపి వచ్చి కూర్చున్నాడు.

తర్వాత నేను వెళ్లి ఐదు నదుల పద్యమాల చదివాను. మర్యాదకు చప్పట్లు కొట్టారు. మా హెడ్మాస్టరు మాత్రం, నేను దిగి వస్తుంటే, "బహుత్ అచ్ఛా. మీ ఇంట్ల గిట్లనే మాట్లాడుతరా?" అని అడిగాడు. నేను పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడు మా నాయిన వచ్చాడు.

గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టాడు. "జరుగున్రి, జరుగున్రి! నా ఎనక ఎనబై ఏనుగులొస్తున్నయ్. కనవడ్తలేవా? ఎట్ల కనవడ్తయ్, గవి గంత పెద్దగున్నయ్!" పిల్లలు అప్పుడే పడి దొర్లారు. ఎడమకాలు ఈడ్చుకుంటూ వేదిక ఎక్కి, తుపాకి నేలకు ఆనించి మీసం దువ్వాడు. "గీ తుపాకి ఒక్కసారి పేలింది. ఆలేరు టేషన్ల రైలు బెదిరి, పట్టాలు దిగి, జొన్నచేన్లకెల్లి ఉరికి, మళ్లొచ్చి పట్టాలెక్కింది. లోపట కూసున్నోళ్లకు ఎర్కనే కాలే!"

ఆ రోజు ఆయన ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. నేను తల వంచుకునే ఉన్నాను గాని చెవులు వంచుకోలేను గదా. ప్రతి కోతా ఎక్కడ లేస్తుందో, ఎక్కడ విరుగుతుందో నాకు తెలుసు. పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి.

చుట్టరికాల దగ్గరికి వచ్చాడు. ముందు వరసలో ఒక చివరనుంచి మొదలుపెట్టాడు.

"గీ పెద్దసారు నాకు దూద్ భాయ్. ఇద్దరం ఒక్క బర్రె పాలు తాగి పెరిగినం."

"భాయ్‌జాన్, ఆ బర్రె ఇప్పుడెట్లున్నది?" అని హెడ్మాస్టరు కుర్చీలోనుంచే అడిగాడు.

"మంచిగున్నది. నల్గొండల నౌకరి చేస్తున్నది!"

మైదానం గొల్లుమంది. "గీ లెక్కల సారు నా అల్లుడు. నాకు బిడ్డల్లేరు, అయినా ఇచ్చిన. లెక్కలు తెలిసినాయిన గద, లేని బిడ్డను గూడ లెక్కల పట్టిండు!" మాస్టారు రెండు చేతులూ జోడించి "మావగారూ!" అన్నాడు. డ్రిల్లు మాస్టరు ఆయన ఫౌజులో సిపాయి అయ్యాడు, ఊరి పటేలు తమ్ముడయ్యాడు. తర్వాత కుర్చీ నాది. మా నాయిన చెయ్యి నా మీదికి రాలేదు. నన్ను దాటి, నా పక్క కుర్చీలో ఉన్న పోస్టుమాస్టరు మీదికి పోయింది.

పిల్లలు ఊరుకుంటారా? "దొరా, సోషల్ సార్ను ఇడిసిపెట్టినవ్! సార్ను గూడ కలుపుకో!" అని అరిచారు. వరసనంతా కలుపుకుని ఒక్కణ్ని వదిలితే బాగుండదని పెద్దలు కూడా అందుకున్నారు. "కలుపు దొరా, కలుపు" అని.

మా నాయిన నా దిక్కు తిరిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆటలో ఆయన టోపీ తియ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"గా సారుతోని నాకు చుట్టరికం లేదు బిడ్డా," అన్నాడు. "గంత పెద్దోళ్లు మాకెట్లయితరు?"

అప్పుడు జనం నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. ఏనుగులకు దొర, పులులకు యజమాని, ఒక బడిపంతులును చూసి వెనక్కి తగ్గాడు. అంతకంటే గొప్ప హాస్యం ఏముంటుంది! కాని ఆ సాయంత్రమంతా ఆయన ఆడిన అబద్ధాల్లో నవ్వుకోసం కాకుండా ఆడింది అదొక్కటే. అది నాకోసం ఆడాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఆయన మా నాయిన," అన్నాను.

జనం మళ్లీ గొల్లుమన్నారు. లెక్కల మాస్టారు తొడ చరిచి, "భలే అందుకున్నావయ్యా!" అన్నాడు. "నిజంగా మా నాయిన," అన్నాను, ఇంకా గట్టిగా. ఇంకా గట్టిగా నవ్వారు. పిట్టలదొర ఆటలో నిజం చెబితే ఎవరు నమ్ముతారు? రెండేళ్లు దాచిన మాటను నోరు తెరిచి చెబుతుంటే ఊరంతా కడుపు పట్టుకుని నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది.

వేదిక ఎక్కాను. మా నాయిన భయంగా, "కూసో బిడ్డా. నౌకరి మనిషివి. పో, పో," అన్నాడు గొంతు తగ్గించి.

"జోడీ విసురు నాయినా," అన్నాను.

"వద్దురా."

"విసురు."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. తుపాకి ఒక చివర నాకందించి, రెండో చివర తను పట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ విసిరాడు.

"మా తాత కట్టిన కోటకు మున్నూరు దర్వాజలు..."

"లోపటికి పోను తొవ్వ లేదు, పోయినోడు మళ్లొచ్చిన దాఖల లేదు!"

"మా బాయిల ఉన్నది మొసలి..."

"దూపైతే మా ఇంటికొచ్చి నీళ్లడుగుతది!"

నవ్వులు మొదలై సగంలో ఆగాయి. ముందు వరసలో ఒక్కొక్క ముఖం మారుతోంది. ఈ సారు రెండేళ్లుగా పుస్తకంలోంచి మాట్లాడేవాడు, ఈ మాట, ఈ యాస, ఈ వేగం ఎక్కడివి? ఇద్దరి గొంతూ ఒక్కటే, చెయ్యి తిప్పడం ఒక్కటే. నేర్చుకుంటే వచ్చేది కాదది. హెడ్మాస్టరు మెల్లగా కుర్చీలోంచి లేచాడు.

మా నాయిన మూడోది విసిరాడు. "ఏడేండ్ల కరువు వచ్చెనే దొరా, ఏం తిని బతికినవ్?"

"ఆకలిని..." అన్నాను. అక్కడ ఊపిరి తెగింది. మింగుకుని మళ్లీ అందుకున్నాను. "ఆకలిని ఏటాడి, కోసి, కూరొండుకున్నం!"

ఎవరూ నవ్వలేదు. వెనక ఎక్కడో ఒక ఆడమనిషి ముక్కు చీదడం వినబడింది. హెడ్మాస్టరు నిలబడే చప్పట్లు కొట్టాడు, ఒక్కడే, చాలాసేపు. తర్వాత మైదానమంతా లేచింది. ఆయన వేదిక ఎక్కి మా నాయిన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "ఇప్పుడు తెచ్చినవ్ మాస్టర్, నీ ఇంటిది," అన్నాడు.

ఆ ఒక్క మాటకు నేనాయనకు జీవితాంతం రుణపడ్డాను. నన్ను తిట్టి ఉంటే పడేవాణ్ని. ఎందుకు దాచావని అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఆయన రెండూ చెయ్యలేదు. నేను దాచిన దాన్ని నా గొప్పగా చేసి నా చేతికే తిరిగి ఇచ్చాడు.

లెక్కల మాస్టారు మాత్రం తిట్టాడు. ఆట అయిపోగానే నన్ను చెట్టు చాటుకు లాక్కుపోయి, "వారం రోజులు మీ నాన్నగారి నడక నడిచి నవ్వించానయ్యా! నువ్వెదురుగా కూర్చుని నవ్వావు. లేచి ఒక చెంపదెబ్బ కొడితే నీ సొమ్మేం పోయింది? నన్ను పాపంలోకి దింపావు కదా!" అని ఎగిరాడు. నేను కోప్పడవలసింది పోయి ఆయన నామీద కోప్పడ్డాడు. ఆ కోపంతోనే మా ఇద్దరినీ భోజనానికి వాళ్లింటికి తీసుకుపోయాడు. ఆయన భార్య గజ్జెలు తీసిన కాళ్లతోనే తిరుగుతూ వడ్డించింది. మా నాయినను నడి ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టింది. మా నాయిన అంతకుముందు ఎవరింట్లో తిన్నా అరుగు మీదే తిన్నాడు. ఎటు చూడాలో తెలియక విస్తట్లోకే చూస్తూ తిన్నాడు. ఆమె "ఇంకొంచెం వేసుకోండి మావగారూ" అన్నప్పుడు మాత్రం తలెత్తి నవ్వాడు.

ఆ తర్వాత కూడా మాస్టారు నా "గట్ల"ను ఎగతాళి చేశాడు. నేను ఆయన "అండీ"ని ఎగతాళి చేశాను. ఇద్దరం రిటైరయ్యేదాకా అది సాగింది. ఇప్పుడు కాఫీ తాగమనేది ఆయనే.

మర్నాడు పొద్దున మా నాయినను బస్సెక్కించడానికి పోయాను. దారిలో ఆయన ముందురోజు సంగతి ఏమంటాడోనని చూశాను. క్షమించానంటాడేమో, కళ్ల నీళ్లు పెట్టుకుంటాడేమో అనుకున్నాను. బస్సు కనబడ్డాక నోరు విప్పాడు.

"మూడోదాని కాడ ఊపిరి తెంపినవ్ రా. ఆకలి అన్న మాట మీద ఆగొద్దు. ఆగితే జనం నవ్వరు, ఏడుస్తరు. దాటేసి ఉరకాలె."

"మంచిది నాయినా," అన్నాను.

"రెండోది మంచిగన్నవ్," అని బస్సెక్కాడు.

మూడు నాలుగేళ్లు గడిచాయి. ఒకసారి ఏదో శిక్షణకు కాజీపేట పోవలసి వచ్చి, రైలుకోసం ఆలేరు వచ్చాను. రైలుకు ఇంకా గంట ఉంది. అంగడి రోజు. ధాన్యం అమ్మే గంజ్ దగ్గర జనం గుంపు కట్టి నవ్వుతుంటే దగ్గరికి పోయాను. నడుమ మా నాయిన. ముసలితనం వచ్చేసింది, కోటు వదులైంది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. ఏనుగులు అయిపోయాయి, పులి అయిపోయింది. తర్వాత నేనెప్పుడూ వినని కోత ఒకటి వచ్చింది.

"ఇగ నా కొడుకు సంగతి చెప్త ఇనున్రి. నా కొడుకు హైస్కూల్ల సారు! కుర్సీల కూసుంటడు. దేశదేశాల సంగతి పిలగాండ్లకు చెప్తడు. పదిమందిల లేసి, ఈయన మా నాయిన అని చెప్పిండు!"

జనం పడి పడి నవ్వారు. ఏనుగులకు నవ్వినదానికంటే ఎక్కువ నవ్వారు. ఒకడు "కోస్తే గిట్ల కొయ్యాలె!" అని ఈల వేశాడు. ఎన్ని ఊళ్లలో చెప్పాడో, ఎన్ని అంగళ్లలో ఈ నవ్వు నవ్వించుకున్నాడో. అప్పుడాయన నన్ను చూశాడు. తుపాకి ఎత్తి గుంపు మీదుగా నావైపు చూపించాడు.

"అగో, గాడున్నడు. తెల్లంగి, చేతిల సంచి. గాయినే!"

అందరూ నావైపు తిరిగి ఇంకా నవ్వారు. నా పక్కనున్న రైతు మొహమాటపడి, "ఏమనుకోకున్రి సారూ, గా ముసలోనికి అందరు చుట్టాలే," అన్నాడు.

నేను గుంపులోంచి నడుమకు పోయాను. మా నాయిన భుజం మీది జొన్నల జోలె తీసి నా భుజానికి వేసుకున్నాను. ఆ రైతు ముందు నిలబడి జోలె నోరు తెరిచి పట్టుకున్నాను. అతను నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, నవ్వడం మానేసి, దోసెడు జొన్నలు పోశాడు. స్టేషన్లో రైలు కూత వేసి పోయింది. మేమిద్దరం ఇంకో రెండు బజార్లు తిరిగాం.